జనుము చేలకు నల్లమలలో ఒక చుట్టం

వరి కోతకు వారం పది రోజుల ముందు, చేలో తడి ఆరకముందే జనుము చల్లడం మా కృష్ణా డెల్టాలో తాతల నాటి అలవాటు. కోత కోసి పనలు ఎత్తేసరికి వరి మోళ్ల మధ్య జనుము మొలకలు తలలెత్తుతాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ఉయ్యూరు దాటి అవనిగడ్డ వైపు వెళ్లే దారిలో చాలాచోట్ల పసుప్పచ్చని పూలే. పశువులకు మేత, నేలకు బలం. ఆ మొక్క గురించి ఇంతకు మించి ఆలోచించవలసిన అవసరం మాకు ఏనాడూ కలగలేదు.

మా అమ్మాయి విజయవాడలో వృక్షశాస్త్రం చదువుతున్నది. కిందటి క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి, గట్టు మీద నిలబడి అడిగింది:

"నాన్నా, మన జనుముకు నల్లమలలో ఒక చుట్టం ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. ఒకసారి వెళ్లి చూసి వద్దామా?"

పక్కనే ఉన్న వాళ్ల నాయనమ్మ, "పువ్వు కోసం అంత దూరమా? అది కూరకా, మందుకా?" అన్నది.

"ఏమీ కాదు నాయనమ్మా. ఒక జాతిలో ఒక రకం. అంతే."

"ఒక రకమేనా!" అని మేమందరమూ నవ్వాము.

అమ్మాయి నవ్వలేదు. "రకమేనా అంటున్నారా? ఆ సంవత్సరం విత్తనాల సంగతి మరచిపోయారా?" అన్నది. మా నవ్వు ఆగిపోయింది.

పేరు తప్పిన విత్తనం

కొన్నేళ్ల క్రితం ఒక దుకాణంలో బీపీటీ 5204 అని చెప్పగా నమ్మి విత్తనం తెచ్చుకున్నాము. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ రకాన్నే మనమందరమూ సాంబ మసూరి అంటాము. నారు పోసినప్పుడు తేడా తెలియలేదు. నాట్లప్పుడూ తెలియలేదు. పొట్ట దశకు వచ్చాక బయటపడింది. ఒకే మడిలో కొన్ని దుబ్బులు ముందే వెన్ను వేశాయి, కొన్ని ఇంకా పచ్చగా నిలబడి ఉన్నాయి. ముందు పండినవాటి కోసం ఆగలేము, వెనకవాటిని పచ్చిగా కోయలేము. చివరకు కొంత రాలిపోయింది, కొంత తాలు పోయింది. మిగిలిన గింజ కలగాపులగంగా ఉందని బస్తా ధర తెగ్గోశారు. ఆ ఏడు కౌలు అప్పు చేసి కట్టాము. అమ్మాయి ఫీజు గడువు దాటిపోయింది.

శాస్త్రం ప్రకారం చూస్తే సాంబ మసూరీ వరే, మార్టేరు వారు 1982లో ఇచ్చిన స్వర్ణా వరే. రెండూ ఒకే జాతి. కాని డెల్టాలో ఏ రైతైనా ఆ రెండూ ఒకటే అంటాడా? గింజ వేరు, పంటకాలం వేరు, ధర వేరు. జాతి ఒకటే అయినా రకం తప్పితే ఇల్లు తలకిందులవుతుందని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు.

వరి రకాలను మనుషులు ఏరి, సంకరం చేసి తయారు చేశారు. అమ్మాయి చెప్పిన పువ్వు అలాంటిది కాదు. కొండల మధ్య ఏ మనిషి చెయ్యీ పడకుండా తనంత తానే వేరుపడినది. తయారు చేసిన రకం పోతే పరిశోధన కేంద్రంలో విత్తనం ఉంటుంది. అది పోతే ఎవరిని అడగాలి? ఈ మాట మమ్మల్ని కదిలించింది. ప్రయాణానికి సరే అన్నాము.

ఇంటిపేరు ఒకటే

బయలుదేరే ముందు రెండు రాత్రులు అమ్మాయి మాకు పాఠం చెప్పింది. మేము అర్థం చేసుకున్నంత మీకు చెబుతాము.

స్వీడన్ దేశపు లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు స్థిరపరిచాడు. మొదటి మాట ప్రజాతిది, రెండవది జాతిది. మన తెలుగువాళ్ల పేర్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. మన జనుము పేరు క్రోటలేరియా జన్సియా. క్రోటలేరియా అన్న మాట గిలక వంటి వాయిద్యానికి ఉన్న గ్రీకు మాట నుంచి వచ్చింది. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి గనుక ఆ పేరు. మనవాళ్లు ఏ గ్రీకూ చదవకుండానే ఈ మొక్కలను గిలిగిచ్చ అన్నారు. చిన్నప్పుడు ఆ కాయలు చెవి దగ్గర ఊపుకుంటూ బడికి వెళ్లని పల్లె పిల్లలు ఎవరు?

ఆ ఇంటిపేరు గలవి ప్రపంచంలో సుమారు 700 జాతులు. ఎక్కువ భాగం ఆఫ్రికాలో ఉన్నాయి. అన్నీ చిక్కుడు కుటుంబానివే. మన కాలువ గట్ల మీద నీలిపూలు పూసే గిలిగిచ్చ ఒకటి, పసుపుపూలది ఒకటి. వాటిలో మదురై పేరు పెట్టుకున్నది ఒకటి ఉంది, క్రోటలేరియా మదురెన్సిస్. మదరాసు రాజధానిలో కంపెనీ వైద్యుడిగా పనిచేసిన రాబర్ట్ వైట్ పెట్టిన పేరు అది. ఆయన 1796లో పుట్టి 1872లో చనిపోయారు. ఆయన పుస్తకాల్లోని బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అనే మన దేశపు చిత్రకారులు. గోవిందు పేరును వైట్ ఒక పువ్వుల ప్రజాతికే పెట్టారు.

ఆ మదురై గిలిగిచ్చ వంటిదే నల్లమల కొండల్లోనూ ఉంది. కాని అచ్చంగా అది కాదు. దానిని పరిశీలించి, మదురై జాతిలోనే వేరొక రకంగా నిలబెట్టినవారు ఎల్లిస్, స్వామినాథన్ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు. వారు పెట్టిన పేరు కర్నూలికా, అంటే కర్నూలుది. ఇంటిపేరు క్రోటలేరియా, సొంత పేరు మదురెన్సిస్, ఊరి గుర్తు కర్నూలికా. మన ఊళ్లో ఒకే పేరు గలవాళ్లు ఇద్దరుంటే "కంకిపాడు సుబ్బారావు, పామర్రు సుబ్బారావు" అనమూ? అలాగే.

జె. ఎల్. ఎల్లిస్ నల్లమల మొక్కల మీద రాసిన గ్రంథాన్ని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ రెండు సంపుటాలుగా 1987లోను, 1990లోను ప్రచురించింది. మనం జ్వరానికి కషాయం కాచుకునే నేలవేముకు కూడా ఆ కొండల్లో ఒక చెల్లెలు ఉందని లోకానికి చెప్పింది ఆయనే. దాని పేరులో నల్లమల మాటే నిలిచింది, ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా.

కొండల్లోకి రైలు

విజయవాడలో ఉదయం గుంటూరు మీదుగా నంద్యాల వెళ్లే రైలు ఎక్కాము. కృష్ణ వంతెన దాటుతుంటే ప్రకాశం బ్యారేజీ కనిపించింది. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957 నుంచి అది డెల్టాకు నీళ్లిస్తున్నది. ఆ నీళ్లు శ్రీశైలం దగ్గర నల్లమలను ఒరుసుకునే మన దాకా వస్తాయి. ఆ కొండలకూ మన చేలకూ చుట్టరికం నీళ్ల ద్వారా ముందే ఉందన్న మాట.

గుంటూరు దాటాక పొలం రంగు మారింది. పచ్చని వరి మాగాణులు పోయి మిరప, పత్తి చేలు. నరసరావుపేట, వినుకొండ దాటాక రాళ్ల నేల. మార్కాపురం రోడ్డు స్టేషను రాగానే నాయనమ్మకు తన చిన్నప్పటి పలక గుర్తొచ్చింది. ఒకప్పుడు ఊరూరా బడి పిల్లల చేతుల్లో ఉన్నవి మార్కాపురం పలకలే కదా. కంభం దాటి గిద్దలూరు చేరేసరికి పడమట నల్లని గోడలాగా కొండలు నిలబడ్డాయి.

గిద్దలూరు తరువాత రైలు నెమ్మదించింది. దిగువమెట్ట, చలమ, గాజులపల్లె. స్టేషన్ల పేర్లే అడవి పేర్లు. ఒకప్పుడు ఇది మీటరు గేజి దారి. 1990లలో వెడల్పు చేశారు. బొగద సొరంగం చీకట్లో పిల్లలు కేకలు పెట్టారు. ఇవి ఊటీ అంత ఎత్తు కొండలు కావు. వేపల వంటి చెట్లు, ఎండిన గడ్డి, మధ్యమధ్య రాతి చరియలు. చలికాలంలో సగం ఆకు రాలి ఉంటుంది. చూసేవారికి ఇక్కడ ప్రత్యేకమైనది ఏముందిలే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించింది.

ఇది కాదమ్మా

నంద్యాలలో బంధువుల ఇంట్లో రాత్రి పడుకొని, మరునాడు పొద్దున్నే ఒక జీపు మాట్లాడుకొని గిద్దలూరు రోడ్డు మీద వెనక్కి వచ్చాము. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా పోకూడదు. మొక్క పీకకూడదు, కొమ్మ తుంచకూడదు. అమ్మాయి ముందే అందరి చేతా ఒట్టు వేయించుకున్నది. రోడ్డు పక్క నడుస్తూ చూడడమే, ఫోటో తీసుకోవడమే.

గంటన్నర నడిచాక ఒక రాతి గట్టు పక్కన పసుపు పూలు కనబడ్డాయి. చిలుక ముక్కు వంటి పువ్వు, ఉబ్బిన కాయ. "దొరికింది!" అని మేమే ముందు అరిచాము. అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. ఆకు కింద, ఆకు పైన, కాడ, పూరేకుల అడుగు. మాకేమో ఫోటో తీసి వెళ్లిపోదామని తొందర.

ఇంతలో తలమీద కట్టెల మోపుతో ఒక చెంచు ముసలాయన అటు వచ్చాడు. మోపు దించి, మా తంటాలు చూసి, "దీనికోసం ఇంత దూరమొచ్చినారా?" అన్నాడు. అమ్మాయి సంగతి చెప్పింది. ఆయన వంగి ఆకును వేళ్ల మధ్య ఒకసారి మెల్లగా రాశాడు.

"ఇది కాదమ్మా. ఇది రోడ్డెంబడి ఎక్కడైనా ఉంటాది. నువ్వు చెప్పేది మెత్తగుంటాది ఆకు, పట్టుగుడ్డ మాదిరి. పైన రాళ్లల్ల ఉంటాది. చేత్తో పట్టుకుంటే తెలుస్తాది."

అమ్మాయి మొహం వెలిగింది. మదురై గిలిగిచ్చ ఆకుకు పట్టు వంటి నూగు ఉంటుందని తాను చదివింది అదేనట. పుస్తకం అక్షరాల్లో చెప్పింది, ఆయన వేలికొసలతో చెప్పాడు. పైన రాళ్ల మీదికి మేము పోలేదు. అనుమతి లేదు. "మరి వచ్చిన పని?" అని మేము అడిగితే, "ఇది కాదని తెలిసింది కదా నాన్నా, అదీ పనే" అన్నది.

ఒక్క ఆకు చూసి చెప్పరాదు

తిరుగు రైలులో మాకు కలిగిన సందేహం ఒకటే. ముసలాయనకు చేతితో తెలిసినది శాస్త్రంలోకి ఎక్కడానికి ఇంత తతంగం ఎందుకు?

అమ్మాయి చెప్పినది ఇది. కొండలో దొరికిన కొమ్మను పువ్వుతో, కాయతో సహా వార్తాపత్రికల మధ్య పెట్టి అణుస్తారు. రోజూ కాగితాలు మారుస్తారు. ఆరిన తరువాత గట్టి అట్ట మీద అంటించి, ఎక్కడ, ఏనాడు, ఎంత ఎత్తున, ఎవరు సేకరించారో కింద రాస్తారు. కోయంబత్తూరులోని మదరాసు హెర్బేరియం వంటి చోట్ల అలాంటి అట్టలు బీరువాల నిండా ఉన్నాయి. కొత్తదాన్ని పాత అట్టల పక్కన పెట్టి ఆకు పొడవు, నూగు, కాయ, గింజ, ఒక్కొక్కటీ పోల్చాలి. ఒక్క మొక్కలో కనిపించిన తేడా చాలదు. నీడలో పెరిగిన మొక్క ఆకు వెడల్పు కావచ్చు, బీటనేలలో పెరిగినది గిడసబారవచ్చు. ఆ చోట ఉన్న మొక్కలన్నిటిలోనూ ఆ తేడా నిలకడగా ఉండాలి. తేడా పెద్దదైతే వేరే జాతి. చిన్నదే అయినా నిలకడగా ఉంటే రకం.

పేరు పెట్టేవారు ఒక అట్టను "ఇదీ ఆ మొక్క" అని సాక్ష్యంగా చూపాలి. 1958 నుంచి ఆ సాక్ష్యం లేని కొత్త పేరు చెల్లదు. 2011 చివరి వరకు వర్ణన లాటిన్ భాషలో ఉండవలసి వచ్చేది. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చాలు. పేరు పెట్టిన తరువాత కూడా పని అయిపోదు. రేపు మరొకరు మరిన్ని అట్టలు చూసి ఇది వేరు రకం కాదనవచ్చు, లేదా జాతిగానే పైకి ఎత్తవచ్చు. సాక్ష్యం బీరువాలో ఉంటుంది గనుక ఎవరైనా తిరిగి విచారించవచ్చు.

మా విత్తనం మూటకు లేనిది సరిగ్గా ఇదే. దాని మీద పేరు ఉంది. ఆ పేరుకు సాక్ష్యం లేదు.

ఈ శ్రమను మన దేశంలో మొదట తలకెత్తుకున్నవారిలో మిషనరీలూ ఉన్నారు. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడిగా వచ్చి, దక్షిణాది అంతా తిరిగి మొక్కలు సేకరించి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు. 1776లో అదే మిషనుకు వచ్చిన రాట్లర్ అయ్యగారు వాక్యపరిచర్య చేస్తూనే జీవితమంతా మొక్కలు సేకరించి, 1836లో మదరాసులో మరణించారు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టుకు చాలాకాలం వాడిన శాస్త్రీయ నామంలో ఆయన పేరే దాగి ఉంది. ఆదాము జంతువులకు పేర్లు పెట్టిన సంగతి ఆదివారపు బడిలో నేర్చుకున్నాము. మొక్కల వంతు మాత్రం ఇంకా ముగిసినట్లు లేదు.

పేరు తప్పితే ప్రాణం మీదికి

ఇదంతా చదువుకున్నవాళ్ల వేడుక అనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 1975లో అప్పటి మధ్యప్రదేశ్‌లోని సర్గుజా జిల్లాలో, నేడు అది ఛత్తీస్‌గఢ్‌లో ఉంది, కొన్ని పల్లెల్లో మనుషులకు పొట్టలు ఉబ్బి కాలేయం చెడిపోయింది. 67 మందికి ఆ జబ్బు వచ్చిందని, వారిలో 28 మంది చనిపోయారని వైద్యులు లెక్క రాశారు. కారణం వెదికితే, వారు తినే సామల వంటి చిరుధాన్యంలో ఒక గిలిగిచ్చ జాతి గింజలు కలిశాయని తేలింది. మన జనుముకు దాయాదే అది. ఇంటిపేరు ఒకటే, గుణం వేరు. మన పసుపుపూల గిలిగిచ్చల్లోనూ పశువులకు కీడు చేసేవి ఉన్నాయి. జనుము ఆకు మేతగా వేసినా, దాని గింజను దాణాలో కలపకూడదు. పువ్వులు ఒకే తీరుగా ఉన్నాయని మేతకు ఏది పడితే అది కోసుకురాకండి.

నల్లమల రకం పనికి వస్తుందో రాదో, ఈ రోజున ఆ లెక్క చూడడం తొందరపాటు. పెద్దపులికి అక్కడ కాపలా ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, 1983లో పులుల రక్షణ పథకంలో చేర్చారు. కాని కార్చిచ్చు వచ్చినా, రోడ్డు వెడల్పు చేసినా, రాతి సందుల్లో ఉన్న చిన్న మొక్క పరుగెత్తలేదు, అరవలేదు. దానికంటూ ఒక పేరు రాసి ఉంటేనే ఎవరైనా "అది ఏమైంది?" అని అడగగలరు. పేరు లేనిది పోయినా, పోయిందని కూడా ఎవరికీ తెలియదు.

మరొక విచిత్రం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు కర్నూలు జిల్లాలోని నల్లమల భాగం నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. మా విజయవాడ కూడా ఎన్టీఆర్ జిల్లా అయింది. పువ్వు పేరులో మాత్రం కర్నూలే ఉంది, ఉంటుంది. మనుషుల సరిహద్దులు మారినా ఆ మొక్క ఉన్న చోటనే ఉంది.

మూటకు కట్టిన చీటీ

ఇంటికి వచ్చాక అమ్మాయి తన ఫోటో కింద రాసుకున్నది మేము చూశాము: "క్రోటలేరియా. గిద్దలూరు రోడ్డు పక్క, రాతి గట్టు. జాతి తేలలేదు." ఇంత దూరం పోయి, ఇన్ని రూపాయలు ఖర్చు చేసి, తేలలేదని రాయడం మాకు కొంచెం చిన్నతనంగా తోచింది. మదురెన్సిస్ అని రాసేస్తే ఎవరు చూడవచ్చారు? కాని మాకు విత్తనం అమ్మిన చోట కూడా ఎవరో అలాగే అనుకొని ఉంటారు. తేలనిదానిని తేలలేదని రాసే ధైర్యం ఆ రోజు ఒక్కరికి ఉండి ఉంటే మా చేను దక్కేది.

ఫిబ్రవరిలో జనుము పూసింది. నాయనమ్మ కర్ర ఊతంతో గట్టు మీదికి వచ్చి, ఒక ఆకు కోసి వేళ్ల మధ్య రాసి చూసింది. "పట్టులా ఏమీ లేదే" అన్నది. "ఇది వేరే కదా నాయనమ్మా" అని అమ్మాయి నవ్వింది. ఇప్పుడు మా ఇంట్లో దాచే ప్రతి విత్తనం మూటకూ ఒక చీటీ ఉంటుంది. రకం పేరు, ఎవరి దగ్గర తెచ్చామో, ఏ మడిలో పండిందో, ఏ తేదీన ఎత్తామో. చీటీ కట్టే పని నాయనమ్మదే.

ప్రియ పాఠకులారా, మీ గట్ల మీద కూడా పేరు తెలియని మొక్కలు ఉండే ఉంటాయి. మీ ఇంటి పెద్దవాళ్లకు వాటి పేర్లు తెలుసు. వాళ్లు ఉండగానే పిల్లలను వెంట పంపి అడిగించండి. ఒక నోటు పుస్తకంలో పేరు, చోటు, తేదీ రాయించండి. తెలియని చోట తెలియదనే రాయించండి.